అపాచీ పిల్ల కథ విన్న ఎనిమిదో తరగతి

చర్ల దాటి అడవిలోకి వెళ్లే దారిలో ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను ఐదేళ్లు తెలుగు టీచరుగా పనిచేశాను. మా ఇల్లు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. భర్త, కొడుకు అక్కడే ఉండేవారు. నేను బడి పక్కనే ఒక గది కిరాయికి తీసుకుని, రెండు వారాలకొకసారి శనివారం బస్సెక్కి ఇంటికి పోయి ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని.

ఆ బడిలో చదివేవాళ్లు దాదాపు అందరూ కోయ పిల్లలే. నాకు కోయ భాష రాదు. నేను తండాలో పుట్టినదాన్ని, మా ఇంటి భాష వేరు. చిన్నప్పుడు నేనూ హాస్టల్లోనే చదివాను. అక్కడ మా భాషలో మాట్లాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. పదో తరగతికి వచ్చేసరికి క్లాసులో నా తెలుగే అందరికంటే బాగుండేది. సెలవులకు ఇంటికి పోతే మాత్రం అమ్మతో మాట్లాడటానికి మాటలు వెతుక్కోవలసి వచ్చేది. అందుకని ఆశ్రమ పాఠశాలలో పోస్టింగ్ వచ్చినప్పుడు ఈ పిల్లలను నాకంటే బాగా అర్థం చేసుకునేవాళ్లు ఉండరని లోలోపల అనుకున్నాను. ఆ నమ్మకంతోనే మొదటి ఏడాది గడిచింది.

రెండో ఏడాది వానాకాలంలో పట్నం నుంచి ఎవరో దానంగా పంపిన పుస్తకాల పెట్టెలు మా బడికి వచ్చాయి. ఎక్కువ ఇంగ్లీషు పుస్తకాలు. వాటిని సర్దుతుంటే అట్ట లేని ఒక పాత నవల దొరికింది. మొదటి పేజీలను చెదలు తిన్నాయి. రాసినవారెవరో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లల కోసం రాసిన కథ అది. ఎండ మండే కొండల్లో బతికే అపాచీ అనే జాతిలో పన్నెండేళ్ల పిల్ల. ఆమె పెద్దమనిషి అయితే నాలుగు రోజుల పండగ చేస్తారు. ఆ పండగకు కట్టుకోవడానికి అమ్మ, అవ్వ కలిసి దుప్పి తోలుతో పసుపు రంగు బట్ట కుడుతుంటారు. ఆ బట్ట పూర్తి కాకముందే సైన్యం వచ్చి, కొండల్లోకి తప్పించుకున్న అవ్వ, పిన్ని లాంటి కొద్దిమందిని తప్ప అందరినీ రైలెక్కిస్తుంది. ఎండు కొండల మనుషులను తీసుకుపోయి సముద్రం ఒడ్డున ఒక కోటలో పెడతారు. అక్కడి చెమ్మకు, జబ్బులకు జనం చనిపోతుంటారు. పిల్లలను ఏరి మరో రైలెక్కించి ఎక్కడో దూరాన ఉన్న బడికి పంపుతారు. కథ కల్పితమే గాని ఆ రైలు, ఆ కోట, ఆ బడి నిజంగా ఉన్నవేనని పుస్తకం చివర్లో రాశారు.

రెండు ఆదివారాల్లో చదివేశాను. చదువుతున్నంతసేపూ ఆ పిల్ల నేనే అనిపించింది. మా పిల్లలకు ఇది తెలుగులో చెప్పాలని మూడో ఆదివారం ఒక లాంగ్ నోట్‌బుక్ కొని అనువాదం మొదలుపెట్టాను. ఒక్కో అధ్యాయం పూర్తి కాగానే సాయంత్రం స్టడీ అవర్లో ఎనిమిదో తరగతికి చదివి వినిపించేదాన్ని.

మొదటిరోజు బోర్డు మీద అపాచీ అని రాయగానే ముందు వరసలో పిల్ల చెయ్యెత్తింది.

"అపాచీ అంటే బండి గదా మేడం?"

"మా బావకుంది, ఎర్రది," అంది ఇంకొకామె.

క్లాసంతా నవ్వింది. బండి కంటే ముందు ఆ పేరుతో మనుషులున్నారని, ఇప్పటికీ ఉన్నారని చెప్పాను. ఎక్కడ అని అడిగారు. మ్యాపులో చూపించాను. వాళ్లూ పోడు కొడతరా అని అడిగారు. కొందరు మొక్కజొన్న వేసుకునేవారు, వేటకు పోయేవారు, అడవిలో గింజలూ గడ్డలూ ఏరుకునేవారు అని చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్లను కూర్చోబెట్టడానికి నేనేమీ కష్టపడలేదు.

నిజానికి వాళ్లే నాకు సాయం చేశారు. ఒకచోట ఆడవాళ్లు గుంట తవ్వి, నిప్పులు పోసి, ఏదో కలబంద లాంటి మొక్క దుంపను రెండు రోజులు కాలుస్తారు. నేను ఆ వంటను రెండు ముక్కల్లో తేల్చేశాను. పిల్లలు ఒప్పుకోలేదు. గుంటలో రాళ్లు ముందు పెడతారా, ఆకులు ముందు పెడతారా, మన్ను ఎప్పుడు కప్పుతారు అని అడిగారు. మళ్లీ ఇంగ్లీషు చూసి, వాళ్లను అడిగి అడిగి రాస్తే ఆ పేరా నిజంగా వంట చేస్తున్నట్టు వచ్చింది. నాలుగు రోజుల పండగ గురించిన అధ్యాయం మూడుసార్లు చదివించుకున్నారు. అక్కడ పెద్దమనిషి అయిన పిల్ల తెల్లవారుజామున తూర్పు వైపు పరిగెత్తాలి. ఎంత దూరం పరిగెడితే అంత గట్టిగా బతుకుతుందని వాళ్ల నమ్మకం. మనకు మూల కూర్చోబెడతారు గదా, వాళ్లకు పరుగు పెట్టిస్తరా అని పిల్లలు తమలో తాము కోయలో చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ క్లాసులో చివరి వరసలో కూర్చునే ఒక పిల్ల ఉండేది. సన్నగా, నల్లగా, చెవుల దాకా కత్తిరించిన జుట్టు. ఆ ఏడాది జూన్‌లోనే వేరే ఊరి చిన్న బడి నుంచి వచ్చి చేరింది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. నాలుగో అధ్యాయం చదువుతుండగా మొదటిసారి తనంతట తాను లేచి నిలబడింది.

"మేడం, ఆ పిల్ల వాళ్ల అవ్వని ఏమని పిలుస్తది?"

"అమ్మమ్మ అని రాసిన."

"గట్ల పిలవదు గదా. ఆమె భాషల పిలుస్తది."

ఇంగ్లీషు పుస్తకంలో చూశాను. అక్కడ కూడా వాళ్ల భాషలోని మాట లేదు. ఆ మాట చెబితే ఆ పిల్ల కూర్చుంది గాని, ముఖంలో ఒప్పుకున్నట్టు లేదు. క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, తమ ఊళ్లో అవ్వను ఏమని పిలుస్తారో చెప్పింది. పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకున్నాను. ఆ రోజు నుంచి నేను చదువుతుంటే ఆమె తల ఎత్తి వినేది.

ఏడో అధ్యాయంలో ఆ అపాచీ పిల్ల బడికి చేరుతుంది. రైలు దిగిన పిల్లలను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు కత్తిరిస్తారు. వాళ్లలో జుట్టు కత్తిరించుకునేది దగ్గరివాళ్లు చనిపోయినప్పుడే. అందుకని పిల్లలకు అర్థం కాదు. కోటలో ఉన్న తమ అమ్మానాన్నలు పోయారని కబురొచ్చిందేమో, అందుకే కత్తిరిస్తున్నారేమో అనుకుని ఒకరి తర్వాత ఒకరు ఏడుపు అందుకుంటారు. కత్తెర పట్టుకున్నామె మంచిది. పేలు పోతాయి, శుభ్రంగా ఉంటారు, మళ్లీ పెరుగుతుంది అని నవ్వుతూ చెబుతుంది. ఆ మాటలు పిల్లలకు తెలియవు.

ఈ అధ్యాయం చాలా బాగా వచ్చిందని నాకు లోపల గర్వంగా ఉంది. గొంతు తగ్గించి, ఆగి ఆగి చదివాను. పూర్తయ్యాక తలెత్తితే క్లాసులో ఎవరూ నా వైపు చూడటం లేదు. చివరి వరసలోని పిల్ల లేచి బయటికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే నల్లా దగ్గర నిలబడి ముఖం కడుక్కుంటోంది. కడుక్కుంటూనే ఉంది.

"ఏమైంది ఆమెకు?" అని అడిగాను.

 ముందు వరస పిల్ల, బండి అన్న పిల్లే, నోట్‌బుక్ వైపు చూస్తూ చెప్పింది.

"వచ్చిన రోజు ఆమె జుట్టు మీరే కత్తిరించిన్రు గదా మేడం."

నాకు గుర్తు లేదు. ఒక్క క్షణం నిజంగానే గుర్తు రాలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చింది. జూన్‌లో బడి తెరిచిన వారం. కొత్తగా చేరిన పిల్లల తలల్లో పేలు. వార్డెన్ సెలవులో ఉంది. హెడ్ మేడం నన్ను చూడమన్నారు. వరండాలో పాత పేపర్లు పరిచి, కుట్టుమిషను గదిలోంచి కత్తెర తెచ్చి, పిల్లలను వరసలో కూర్చోబెట్టి కత్తిరించాను. జల్దీ పెరుగుతది, ఏడ్వకుండ్రి అని నవ్వుతూ అన్నాను. ఒకరిద్దరు ఏడ్చారు. ఒకామె జుట్టు నడుము దాకా ఉంది, ఇప్పనూనె వాసన వస్తోంది. ఆమె ఏడవలేదు. కత్తిరించాక కింద పడిన జడను చేతిలోకి తీసుకుని, ఇది తీసుకుపోవాలా అన్నట్టు నా వైపు చూసింది. పేలు అంటుకుంటాయని ఆ జడను పేపర్లో చుట్టి చెత్తలో వేయించాను.

ఆ పిల్లే ఈ పిల్ల.

"వాళ్లమ్మ ఎండకాలం చనిపోయింది మేడం, జరమొచ్చి," అంది ముందు వరస పిల్ల. "ఆ జడ వాళ్లమ్మ అల్లిందంట."

ఆ సాయంత్రం నేనింకేమీ చదవలేదు. గదికి వెళ్లి నోట్‌బుక్ తెరిచి ఏడో అధ్యాయం మళ్లీ చదువుకున్నాను. పుస్తకం మొదలుపెట్టిన రోజు నుంచి నేను ఆ అపాచీ పిల్ల పక్కనే నిలబడి ఉన్నాను. కత్తెర పట్టుకున్నామె ఎవరో దూరదేశపు మనిషి అనుకుంటూ ఆమె మాటలను తెలుగు చేశాను. పేలు పోతాయి, మళ్లీ పెరుగుతుంది. ఆ మాటల కోసం నేను పెద్దగా వెతుక్కోలేదని, అవి వాటంతటవే వచ్చాయని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పిల్లతో మాట్లాడాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూనే రోజులు గడిచాయి. ఏం చెప్పాలో తెలియలేదు. ఒకసారి భోజనాల దగ్గర ఆమె ప్లేటు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. ఆమె ప్లేటు కడిగి, నాకు దారిచ్చి వెళ్లిపోయింది. ఇంతలో దసరా సెలవులొచ్చాయి. పిల్లలంతా ఊళ్లకు పోయారు. సెలవులయ్యాక అందరూ వచ్చారు, ఆమె తప్ప.

వారం చూశాం. బడికి రాని పిల్లలను వెళ్లి తీసుకురావడం మా పనుల్లో ఒకటి. హెడ్ మేడం ఎవరిని పంపాలా అని చూస్తుంటే నేను పోతానన్నాను. బడిలో వంట చేసే అక్కది కూడా అటు పక్క ఊరే. కోయ తెలిసిన మనిషి కావాలని ఆమెను వెంట తీసుకున్నాను. నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

కొంత దూరం ఆటో. పోలీసు క్యాంపు దగ్గర ఆపి, ఎక్కడికి, ఎందుకు అని అడిగి సంచి చూశారు. ఆ తర్వాత ఆటో పోలేదు. వాగులో మోకాళ్ల దాకా నీళ్లు. వంట అక్క చీర ఎగ్గట్టి ముందు నడిచింది, నేను ఆమె చెయ్యి పట్టుకుని దాటాను. ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. పాతిక ఇళ్లుంటాయేమో. ఆ పిల్ల ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. వంగిపోయిన మనిషి. గుమ్మంలో కూర్చుని చాటలో కందులు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవబోతే వంట అక్క వద్దని కూర్చోబెట్టింది. ఇద్దరూ కోయలో మాట్లాడుకున్నారు.

"తండ్రి మిరపతోటల కూలికి పోయిండంట, బూర్గంపాడు దిక్కు," అని వంట అక్క నాకు చెప్పింది. "పిల్ల చేనుకాడ ఉన్నదంట. పిట్టలు కొడుతుంది."

"బడికెందుకు పంపలేదో అడుగు."

అడిగింది. అవ్వ చేతిలో కందులు చాటలో వదిలి, నా వైపు చూస్తూ నెమ్మదిగా ఏదో చెప్పింది.

"నేను ఆపలే, అదే పోలే అంటుంది."

వంట అక్కను అక్కడే ఉంచి నేనొక్కదాన్నే చేను దగ్గరికి పోయాను. అడవి అంచున ఏటవాలుగా జొన్న చేను, మధ్యలో నాలుగు గుంజల మంచె. ఆ పిల్ల మంచె మీద వడిసెల పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు మెడ దాకా పెరిగింది, ఎర్ర రిబ్బను కట్టుకుంది. నన్ను చూసి వడిసెల దించింది గాని కిందికి రాలేదు. నేను మంచె కింద నీడలో కూర్చున్నాను. ఎండకు, నడకకు రొప్పుతున్నాను. ఆమె పైనుంచి నీళ్ల సొరకాయ బుర్రను తాడుతో కిందికి వదిలింది. తాగాను.

"నీ జుట్టు నేనే కత్తిరించిన," అన్నాను. "నాకు గుర్తు లేకుండె. మీ అమ్మ సంగతి నాకు తెల్వదు. అడగాల్సింది, అడగలే. తప్పు చేసిన."

ఆమె బుర్రను తాడుతో మళ్లీ పైకి లాక్కుంది.

"నా మీద కోపముండి రాలేదా?"

"అప్పుడుండె మేడం. ఇప్పుడు లేదు."

"మరి?"

ఆమె మంచె అంచున కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసింది. పాదాలు నా తలకు కొంచెం పైన ఉన్నాయి.

"కథల ఆ పిల్ల ఇంటికి పోయేసరికి వాళ్లవ్వ ఉంటదా?"

నేను అప్పటికి తొమ్మిదో అధ్యాయం దాకానే తెలుగు చేశాను. చివర ఏమవుతుందో ఆ అడవిలో నాకొక్కదానికే తెలుసు. ఉంటది అంటే ఆ రోజే సంచి సర్దుకుని నాతో వచ్చేదేమో. రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా గీత పడకుండా ఉండేది. అది చిన్న అబద్ధం, పిల్ల మంచికే.

అప్పుడు నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆమె చనిపోయింది. ఆ సంగతి నాకు పరీక్షలయ్యాక చెప్పారు. చదువు పాడవుతుందని వార్డెన్, మా నాన్న కలిసి అలా అనుకున్నారట. నేను ఫస్టు మార్కులతో ఇంటికి పోయాను. నానమ్మ మంచం మీద మా తమ్ముడు పడుకుని ఉన్నాడు.

"ఉండదు," అన్నాను. "ఆ పిల్లను బడోళ్లు ఇంటికి పంపరు. ఆరేండ్లకు పోతది. అప్పటికి వాళ్లవ్వ పోయి రెండు చలికాలాలైతది."

ఆమె లేచి నిలబడింది. వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలింది. చేను ఆ కొసన చిలకలు గుంపుగా లేచాయి.

"నేను అనుకున్న," అంది. తర్వాత, "ఈ ఏడు నేను రాను మేడం. నాయన కూలికి పోతడు. అవ్వకు నేనొక్కదాన్నే," అంది.

బతిమాలలేదు నేను. వచ్చే జూన్‌లో రావాలనిపిస్తే సీటు ఉంటుందని, అవ్వకు ఒంట్లో బాగా లేకపోతే ఆ రోజే ఇంటికి పంపే పూచీ నాదని చెప్పాను. అవ్ మేడం అంది. వస్తానని గాని రానని గాని అనలేదు.

ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. హెడ్ మేడంకు జరిగినదంతా చెప్పాను, దాచలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ బడిని పన్నెండేళ్లుగా ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి. చేతిలో పెన్ను టేబుల్ మీద పెట్టి నన్ను చూశారు.

"పిల్లలను బడికి తెచ్చే కథలు చెప్పాలె గాని, ఇంటికి తోలేవి చెప్తరా? ఒక ఏడాది బడి మానిన ఆడపిల్ల మళ్లీ వస్తదని నమ్మకముందా మీకు? నేనెంతమందిని చూసిన."

 ఆమె అన్నది నిజమే. ఆ అడవిలో ఏడాది ఆగిన పిల్లల్లో ఎక్కువమంది తిరిగి రాలేదు. స్టడీ అవర్లో ఇక సిలబస్సే చెప్పమన్నారు. సరేనన్నాను. పిల్లలు తర్వాతి అధ్యాయం ఎప్పుడని అడిగితే, వద్దన్నారని చెప్పాను. ఎదిరించే ధైర్యం నాకు లేదు, నేను చేసింది సరైనదో కాదో కూడా తెలియని రోజులవి. ఆ చలికాలమంతా ఆదివారాలు కూర్చుని మిగిలిన అధ్యాయాలు పూర్తి చేశాను. ఎవరికీ చదవలేదు. చివరి అధ్యాయంలో ఆ పిల్ల కొండలకు తిరిగి వస్తుంది. పిన్ని మాట్లాడేది సగమే అర్థమవుతుంది. పన్నెండేళ్లప్పుడు జరగాల్సిన పండగ పద్దెనిమిదేళ్లకు చేస్తారు. ఆమె తూర్పు వైపు పరిగెడుతుంది. ఆ పేజీలు రాస్తుంటే మంచె మీద నిలబడిన పిల్లే కళ్ల ముందు ఉండేది. వస్తుందన్న ఆశ రోజురోజుకూ సన్నగిల్లింది.

జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు గేటు దగ్గర వంట అక్క నన్ను పిలిచింది. పోయి చూస్తే ఆ పిల్ల, చేతిలో సంచి. పక్కన కర్ర పట్టుకుని అవ్వ. వాగు దాటి, అంత దూరం వచ్చిందా ముసలామె అనుకున్నాను. వరండాలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అవ్వ నీళ్లు తాగి, కోయలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ పిల్ల నా పక్కన నిలబడి తెలుగులో చెప్పింది.

"ఆ కథల ముసలామె మనవరాలు వచ్చేదాక ఎందుకు ఆగలే అని అడుగుతుంది."

"జబ్బు చేసిందని చెప్పు. పిల్లకు కబురు పంపలేదని చెప్పు."

పిల్ల చెప్పింది. అవ్వ తల ఊపింది.

"మీరు పంపుతరా అంటుంది."

"పంపుతా. నేనే తీసుకొస్తా అని చెప్పు."

అవ్వ కాసేపు నా ముఖంలోకి చూసింది. మనవరాలి జడను చేతిలోకి తీసుకుని, కత్తెర కదిలినట్టు రెండు వేళ్లు కదిపి, తల అడ్డంగా ఊపింది. అది తెలుగులోకి మార్చనక్కరలేకపోయింది. ఆ ఏడాది ఎవరి జుట్టూ కత్తిరించవద్దని నేను అప్పటికే హెడ్ మేడంను అడిగి ఉన్నాను. సరే, పేలు మీరే చూసుకోండి అన్నారు. చర్లలో మందు, పేలదువ్వెనలు కొనుక్కొచ్చి, రెండు వారాలు సాయంత్రాలు వరండాలో కూర్చుని దువ్వాను. పెద్దపిల్లలు వచ్చి ఒక్కో తల పట్టారు.

ఆమె మళ్లీ ఎనిమిదో తరగతిలోనే కూర్చుంది. బాగా చదివింది. సంక్రాంతి సెలవులై వచ్చిన పది రోజులకు వంట అక్క ఫోన్‌కు వాళ్ల ఊరి నుంచి కబురొచ్చింది. అవ్వకు నాలుగు రోజుల నుంచి జరం, ఏమీ తినడం లేదు, మనిషిని గుర్తుపట్టడం లేదు. ఆ రోజు హెడ్ మేడం మీటింగుకు పోయారు, ఫోన్ కలవలేదు. తల్లిదండ్రులు వచ్చి సంతకం పెడితే తప్ప పిల్లను బయటికి పంపకూడదని రూలు. తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. ఔట్ రిజిస్టర్లో తండ్రి సంతకం ఉండాల్సిన చోట నా సంతకం పెట్టి, పిల్లను తీసుకుని బయల్దేరాను.

ఊరివాళ్లు అప్పటికే అవ్వను మంచంతో వాగు దాటించారు. ఆటోలో చర్లకు, అక్కడి నుంచి అంబులెన్సులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆ పిల్ల అవ్వ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.  దవాఖానాలో మంచం ఇచ్చి, రక్తం తీశారు. డాక్టరు చిన్నవాడు. ఎన్ని రోజుల నుంచి జరం, వాంతులున్నాయా, ఇంతకుముందు ఏం మందులు వాడారు అని గబగబా అడిగాడు. నేను జవాబు చెప్పబోయాను. ఆ పిల్ల నాకంటే ముందు నిలబడింది.

"నేను చెప్తా సార్. ఆమెకు తెలుగు రాదు."

అవ్వ మీదికి వంగి అడిగింది. అవ్వ కళ్లు తెరవకుండానే ఏదో గొణిగింది. పిల్ల లేచి డాక్టరుకు చెప్పింది. మళ్లీ వంగి అడిగింది, మళ్లీ చెప్పింది. నర్సు రాసుకుంది. ఒకచోట నర్సు తొందరపడి తప్పు రాస్తే, కాదు అక్కా, చలి పొద్దున కాదు, పొద్దుగూకినంక వస్తది అని సరిదిద్దింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడ నేను చేయాల్సిన పనేమీ లేదు. కాసేపటికి బయటికి పోయి ఇద్దరికీ టిఫిన్ కట్టించుకొచ్చాను.

మలేరియా అని తేలింది. మూడో రోజుకు అవ్వ లేచి కూర్చుంది. ఆ మూడు రోజులూ నేను భద్రాచలంలోనే తెలిసినవాళ్లింట్లో ఉండి పొద్దున, సాయంత్రం పోయి చూసి వచ్చేదాన్ని. రెండో రోజు సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఆ పిల్లకిచ్చాను. చివరి దాకా ఉంది, చదువుకో అన్నాను. మరునాడు మధ్యాహ్నం వార్డులోకి పోయేసరికి ఆమె మంచం అంచున కూర్చుని, ఒళ్లో నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని, అవ్వకు కోయలో కథ చెబుతోంది. పక్క మంచం మీది బాలింత ఒళ్లో బిడ్డతో వింటోంది. ఆ పక్కన ఇంకో ముసలామె కూడా ఇటు తిరిగి పడుకుని వింటోంది. నాకు అపాచీ అన్న మాట తప్ప ఇంకేమీ తెలియలేదు. ఒకచోట అవ్వ ఆపి ఏదో అడిగింది. పిల్ల పేజీ చూడకుండానే జవాబిచ్చింది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. మళ్లీ కథ సాగింది. చివర ఏం చెప్పిందో, ఉన్నది ఉన్నట్టు చెప్పిందో, మార్చి చెప్పిందో నేను అడగలేదు.

అనుమతి లేకుండా పిల్లను బయటికి తీసుకుపోయినందుకు నాకు మెమో ఇచ్చారు. చేసినదంతా రాసి, మళ్లీ అలాంటి కబురు వస్తే మళ్లీ పోతానని కూడా రాశాను. హెడ్ మేడం చదివి ఫైల్లో పెట్టారు. తర్వాత దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. వేసవికి ముందు, మిగిలిన అధ్యాయాలు కూడా చదివి వినిపించండి, పిల్లలు అడుగుతున్నరు అని మాత్రం అన్నారు.

ఆ పిల్ల పదో తరగతి పాసై భద్రాచలంలో ఇంటర్ చేరే ఏడాదికి నాకు ఖమ్మం దగ్గరికి బదిలీ అయింది. వెళ్లేటప్పుడు నోట్‌బుక్ బడి లైబ్రరీలోనే ఉంచి వచ్చాను. మార్జిన్లలో పెన్సిల్ రాతలు చాలా పెరిగాయి. అందులో సగం నావి కావు. అవ్వ ఇంకా ఉంది. ఆ పిల్ల రెండు వారాలకొకసారి ఊరికి పోయి వస్తానని, ఈసారి వాగు మీద చప్టా కట్టారని ఫోన్లో చెప్పింది.